ప్రభువుతో బేరం కుదరలేదు

చీరలమ్మే ఇంట్లో పుట్టినవాళ్లకు ఒక జబ్బుంటుంది. ధర వినగానే మొహం దానంతటదే ముడుచుకుంటుంది. వస్తువు నచ్చకపోతే కాదు, నచ్చితేనే. పెళ్లిచూపుల్లో మా ఆయన్ను చూసినప్పుడు కూడా నా మొహం అలాగే ముడుచుకుందట. పిల్లకు నచ్చలేదేమోనని వాళ్లు లేవబోతుంటే మా బాపు చేతులు పట్టుకుని ఆపాడు. "కూసోండ్రి, కూసోండ్రి! గిది బాగ నచ్చిన మొహం. నచ్చకుంటే నవ్వుతది."

సూరత్‌లో, లింబాయత్‌లోని ఒక ఇరుకు గల్లీ చివర మా బాపు దుకాణం. నేత పనికని తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లే గిరాకీ. ఆడవాళ్లు చీర చేతిలోకి తీసుకుని, లేని మచ్చ వెతికి, ధర విని, "వద్దు తియ్" అని మెట్టు దిగిపోయేవాళ్లు. బాపు వాళ్ల మొహాలు చూసేవాడు కాదు, మడిమలు చూసేవాడు. నిజంగా పోయే మనిషి మడిమ టకటకా లేస్తుంది. ఉత్తుత్తిగా పోయే మనిషి చెప్పు నేలను రాసుకుంటూ పోతుంది, ఒక చెవి దుకాణంలోనే ఉంటుంది కాబట్టి. "పిలువకు, ఆమెనే వస్తది" అనేవాడు నాతో. వచ్చేది. నేను బడిలో నేర్చుకున్నదానికన్నా ఆ మెట్టు మీద నేర్చుకున్నదే ఎక్కువ.

మా అమ్మ ప్రభువును నమ్ముకున్న మనిషి. ఆమె వెనకాలే మేమందరం. మా ఆయన మరమగ్గాల కార్ఖానాలో మాస్టరు, అంటే సాంచా, అదే మరమగ్గం, మొండికేస్తే దాన్ని దారికి తెచ్చేవాడు. పెళ్లయ్యాక నాతో ప్రార్థనకు తోడు వచ్చి, నాకన్నా ముందే బాప్తిస్మం తీసుకున్నాడు. నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను, మొదటి మాటకే ఒప్పుకోవడం మా ఇంటావంటా లేదు. మా అత్తమ్మ మాత్రం తన దేవుళ్లను వదల్లేదు. వంటింట్లో ఆమె దీపం, ముందు గదిలో మా పాటలు. "నీ దేవుడు నీకు, నా దేవుడు నాకు, పొయ్యి మాత్రం ఒక్కటే, ఉప్పు జర తక్కువెయ్" అనేది. ఆ ఒప్పందం మీద ఇల్లు నిశ్చింతగా నడిచింది.

మా ప్రార్థన మందిరం ఒక సాంచాల షెడ్డు పైగది. ఆదివారమైనా కింద సాంచాలు ఆగవు. ఖటఖటమనే ఆ మోతలో వాక్యం వినిపించాలని మా పాస్టరయ్య గొంతు చించుకుని బోధించేవాడు. లాక్‌డౌన్ వచ్చి సాంచాలన్నీ ఆగిపోయాయి. ఊరు అంత నిశ్శబ్దంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ప్రార్థన ఫోన్‌లోకి మారింది, కానీ పాస్టరయ్య గొంతు మాత్రం షెడ్డు పైగదిలోనే ఉండిపోయింది. ఆయన "సహోదరులారా!" అనగానే మా అత్తమ్మ వంటింట్లోంచి, "గాయనకు ఫోన్ ఎందుకే పిల్లా, కిటికీ తీస్తే చాలు" అనేది. ఒకరి కుక్కరు కూత, ఒకరి పిల్లల కొట్లాట, ఇంకొకరి గల్లీలో కూరగాయల బండివాడు, అన్నీ కలిసి ప్రార్థనలోకి వచ్చేవి. ఒక రోజు పెద్దాయన ఒకాయన కన్నీళ్లతో ప్రార్థిస్తుండగా ఎవరో ఫోన్‌లో మైకు మూయడం మరిచి, "ఏందే, పప్పు మాడింది!" అన్నారు. "ఆమెన్" అన్నారు మిగతావాళ్లు, అలవాటు కొద్దీ.

నేనేమో మిగిలిపోయిన పెళ్లిచీరల ముక్కలతో మాస్కులు కుట్టాను. జరీ అంచు వృథా పోకూడదు కదా, అదీ కలిపి కుట్టాను. నెమలి రంగు మాస్కు పెట్టుకుని పాస్టరయ్య వీడియోలో కనబడితే పెళ్లికొడుకులా ఉన్నాడు. జరీ గుచ్చుకుని పాపం మాటమాటకూ ముక్కు గోక్కునేవాడు. ఎవరూ నొచ్చుకోలేదు. ఆ మొదటి యేడాది మా భక్తికి పెద్ద కష్టం ఆ ముక్కు దురదే.

కొత్త చీర రంగు ఎంత పక్కాదో నీళ్లలో నానబెట్టేదాకా అమ్మినవాడికీ తెలియదు. "రంగు పోదు, నా మాట" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతాం, అంతే. నా విశ్వాసం అప్పటికి మడత విప్పని చీర. రెండో యేడాది ఎండాకాలంలో అది నీళ్లలో పడింది.

మా ఆయనకు జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది, తర్వాత ఊపిరి అందలేదు. పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. గేటు ఎదురుగా చెట్టు నీడన, మాలాంటి వాళ్ల మధ్య, నేనూ అత్తమ్మా రోజూ పొద్దున్నుంచి కూర్చునేవాళ్లం. లోపలికి టిఫిన్ డబ్బా పోయేది, ఖాళీ డబ్బా వచ్చేది. డబ్బా ఖాళీగా వస్తే మాకు పండగ. ఎవరు తిన్నారో దేవుడికెరుక.

అక్కడ కూర్చుని నేను ప్రభువుతో బేరం మొదలుపెట్టాను. బాపు దుకాణం అప్పటికి నడిపేది నేనే, ఆదివారం దానికి అన్నిటికన్నా పెద్ద గిరాకీ. ముందు, ఆదివారాలు మధ్యాహ్నం దాకా దుకాణం మూస్తానన్నాను. జవాబు లేదు. సరే, రోజంతా మూస్తా. జవాబు లేదు. పోనీ, పోయే రంగును పోదని ఇక చెప్పను. ఇది చాలా పెద్ద మాట, మా వ్యాపారంలో దీనికి మించి ఇచ్చేది లేదు. అందుకే కొంచెం ఆలోచించి, "పండగ సీజన్ తప్ప" అని కలిపాను. సగం ఇప్పుడు, సగం మా ఆయన ఇంటికొచ్చాక అని కూడా అన్నాను.

నా పెదాలు కదులుతుంటే అత్తమ్మ చూస్తోంది.

"ఏం మాట్లాడుతున్నవే పిల్లా?"

"ప్రార్థన చేస్తున్న అత్తమ్మా."

"ప్రార్థనకు వేళ్లెందుకు లెక్కపెడుతున్నవ్? దేవునితోటి కూడ బేరమేనా?"

"మీరు మొక్కులు మొక్కుతలేరా?"

"నేను మొక్కుత, చెల్లిస్త. నీ తీరుగ తగ్గించుమని అడగ."

మా ఆయన పరిస్థితి అటూ కాలేదు, ఇటూ కాలేదు. ఇక నాకు తెలిసిన ఆఖరి ఎత్తు ఒక్కటే మిగిలింది. మెట్టు దిగిపోవడం. "సరే ప్రభువా, కుదరదన్నట్టే కదా. నీతో ఇక మాట్లాడను" అన్నాను. ఫోన్ ప్రార్థనలోంచి తప్పుకున్నాను. పాటలు పాడటం మానేశాను. పాస్టరయ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఎత్తకపోయినా ఆయన గొంతు వినిపించినట్టే అనిపించింది. ప్రభువే పిలుస్తాడని, మంచి ధర చెబుతాడని ఎదురు చూశాను.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. పొద్దున లేవగానే, "చూశావా, నేను నీతో మాట్లాడతలేను" అని ఆయనకే చెప్పాను. బస్సెక్కుతూ, "ఇంకా మాట్లాడతలేను" అన్నాను. గేటు దగ్గర ఒక ముసలమ్మకు మనవడి కబురు మంచిగా వస్తే, "ఆమెకు మేలు చేసినవ్, సంతోషం, కానీ నేను నీతో మాట్లాడతలేను" అన్నాను. టిఫిన్ డబ్బా ఖాళీగా వస్తే నోటిదాకా వచ్చేసింది స్తోత్రం. దాన్ని వెనక్కి మింగబోతే వెక్కిళ్లు పట్టుకున్నాయి. నా జన్మలో అంత ఎడతెగకుండా నేనెన్నడూ ప్రార్థించలేదు. బాపు చూసుంటే నా మడిమలు చూసి నవ్వేవాడు. చెప్పులు అరిగిపోయేలా ఈడ్చుకుంటూ పోతున్నాను, చెవులు రెండూ ఆయన దుకాణంలోనే పెట్టి.

గేటు పక్కన కొబ్బరిబొండాల బండి ఒకటుండేది. బండివాడితో నాకు రోజూ పోట్లాటే. రోగుల కోసం కొనేవాళ్ల దగ్గర ఇంత గుంజుతావా అని నేను, బొండాలు నేను కన్నానా అని అతను. చివరికి నేను చెప్పిన ధరకు ఒక గొణుగుడు కలిపి ఇచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం లోపలి నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో డాక్టరమ్మ, పాపం గొంతు పోయి ఉంది. ఆక్సిజన్ పెంచినా నిలబడటం లేదు, లోపలి వార్డుకు మారుస్తున్నాం, సాయంత్రానికి చెబుతాం అంది. అత్తమ్మ నా మొహం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకు ఏమైనా తాగించాలని లేచి బండి దగ్గరికి పోయాను. బొండం అడిగాను. ధర చెప్పాడు. ఇచ్చేశాను.

అతను కత్తి పక్కన పెట్టాడు. "శూ థయూ, బెన్? ఏమైంది?" అన్నాడు, కంగారుగా. "రోజూ నా ప్రాణం తీస్తారు కదా!" అని సగం హిందీలో, సగం గుజరాతీలో గొడవ పెట్టాడు. తనే ధర తగ్గించి మిగతాది చేతిలో పెట్టాడు. నేను వద్దన్నాను. అతను వినలేదు. సూరత్‌లో, ఎండలో, అమ్మేవాడు తగ్గిస్తుంటే కొనేది వద్దంటోంది. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు.

అత్తమ్మకు నీళ్లు తాగించి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇవ్వడానికి ఇంకేమైనా ఉందా అని వెతుక్కున్నాను. ఏమీ లేదు. ఆదివారాలు ఇచ్చేశాను, రంగు మాట ఇచ్చేశాను, మెట్టు దిగి పోవడం కూడా చేతకాలేదు. గల్లా వట్టిపోయాక నా నోటికి ఇంతే వచ్చింది: "ఆయనను నాకియ్యి యేసయ్యా. ఇయ్యకున్నా నేను నీ దగ్గరనే ఉంట. నాకు పోవడానికి ఇంకో దుకాణం లేదు."

ఆ "ఇయ్యకున్నా" అనే మాట గొంతులోంచి జరీ ముక్కలా గీసుకుంటూ వచ్చింది. అన్నాక మాత్రం ఒళ్లు ఎంత తేలికైందంటే, కూర్చున్నచోటే నవ్వొచ్చింది. మొదట లోపల్లోపల, తర్వాత పైకే. జీవితంలో మొదటిసారి ధర అడగకుండా ఒప్పుకున్నాను! బాపుకు తెలిస్తే దుకాణానికి తాళం వేస్తాడు! కళ్లల్లో నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వు ఆగడం లేదు. మాస్కు లోపల వెక్కిళ్లు, నవ్వు, ఏడుపు కలిసి గుర్రం సకిలించినట్టు చప్పుడు. అత్తమ్మ నా వీపు మీద ఒకటిచ్చింది.

"పిచ్చి లేసిందా? నా కొడుకు గట్లుంటే నవ్వుతవా?"

"నవ్వుతలేను అత్తమ్మా. ఒప్పుకున్న."

"దేనికి ఒప్పుకున్నవ్?"

"ఏమో, అన్నిటికీ."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, తన కొంగుతోనే నా ముక్కు తుడిచింది. ఆ వేళకు అది దేవదూత చెయ్యి.

సాయంత్రం కబురు మంచిది రాలేదు, చెడ్డదీ రాలేదు. తర్వాతి రోజులూ అలాగే. ఒక రోజు బాగున్నాడనేవారు, మర్నాడు చూద్దాం అనేవారు. భయం పోలేదు, ఆ మాట రాయకపోతే అబద్ధమవుతుంది. కానీ ఆ భయంతోనే ప్రభువు దగ్గర కూర్చున్నాను, ఏమీ ఇస్తాననకుండా. ఫోన్ ప్రార్థనలోకి తిరిగి వెళితే పాస్టరయ్య ఎక్కడికి పోయావని అడగలేదు. "అమ్మా, పాట ఎత్తు" అని అరిచాడు. ఎత్తాను, శ్రుతి తప్పి. మా అత్తమ్మ పక్కనుంచి, "జర కింద పాడు, లోపల రోగులున్నరు" అంది.

చివరికి మా ఆయన్ను చక్రాల కుర్చీలో గేటు దాకా తోసుకొచ్చారు. చొక్కా వంకెకు తగిలించినట్టు భుజాల మీద వేలాడుతోంది. నన్ను చూసి నవ్వబోతే దగ్గొచ్చింది. ఆటోలో మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. ఆటోవాడు అద్దంలోంచి అనుమానంగా చూస్తూ తన మాస్కు కళ్ల దాకా లాక్కున్నాడు.

కొంత దూరం పోయాక మా ఆయన అడిగాడు. "నా కోసం ఏం మొక్కినవ్?"

"ఏం మొక్కలే."

"ఏం మొక్కలేదా?" గొంతులో ఊపిరి లేకపోయినా కోపం మాత్రం వచ్చింది. "నేను గంత అగ్గువకు దొరికిన్నా?"

"మస్తు ఇయ్యజూసిన. ఆయన ఏది తీసుకోలే. ఆఖరికి ఒక్కటే అన్న, నిన్ను ఇయ్యకున్నా ఆయన దగ్గరనే ఉంట అని."

ఆటో గుంతలో పడి లేచింది. "అంటే నేను పోయినా ఉందువా?"

అబద్ధం చెప్పి సంతోషపెట్టొచ్చు, ఆ విద్య నాకు బాగా వచ్చు. "ఉందును" అన్నాను. "ఏడ్చుకుంట ఉందును."

అతను నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. సూదులు గుచ్చిన చోట నల్లగా కమిలి ఉంది. "నేను లోపల గదే అడిగిన" అన్నాడు ఆగి ఆగి. "నేను రాకున్నా దాన్ని నీ దగ్గర్నుంచి పోనియ్యకు ప్రభువా, అది మాటకు ముందు మెట్టు దిగే రకం, అన్న."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. అతనికి నవ్వు, దగ్గు ఒకదానిమీద ఒకటి పడి ఆటో అంతా ఊగింది. "భాయ్, ఆసుపత్రికి తిప్పాలా?" అన్నాడు డ్రైవరు. వద్దని ముగ్గురం చేతులూపాం.

మా అత్తమ్మ కొడుకు వీపు రాస్తూ, అతని మీదుగా నావైపు వంగింది. "మంచిగనే ఉన్నది మీ ముచ్చట! వీడు నీ గురించి అడిగె, నువ్వు నీ గురించి అడిగితివి. వీని పానం గురించి మొక్కింది నేనొక్కదాన్నే అన్నట్టు!"