సాక్షి సంతకం

ఐవరీ ప్రూట్ చేతికి వాచీ పెట్టుకునేవాడు కాదు. ఊరందరికీ టైము చెప్పేవాడికి చేతికి వాచీ ఎందుకని నవ్వేవాడు. అలబామాలో పత్తి పండే ఆ కౌంటీలో కోర్టు భవనం నెత్తిన నాలుగు ముఖాల గడియారం ఉంది. సోమవారం సోమవారం దానికి కీ ఇచ్చే పని అతని తండ్రిది. తండ్రి పోయాక అతనిది. మిగతా రోజుల్లో ఇంటి వసారాలో కూర్చుని తెల్లవాళ్ల వాచీలూ నల్లవాళ్ల వాచీలూ బాగుచేసేవాడు. కోర్టు వెనక మెట్ల తాళంచెవి ఎప్పుడూ నడుముకి వేలాడుతుండేది. దాని మీద అతనికున్న ప్రేమ చూసి, "రాత్రికి దాన్నే పక్కలో పడుకోబెట్టుకో, నేను పోయి చాప మీద పడుకుంటాను" అని భార్య డార్థులా దెప్పేది.

ఆ తాళంచెవి పుణ్యమానే అతనికి ఓటు వచ్చింది. ఆ రోజుల్లో అక్కడ నల్లమనిషి ఓటరు కావాలంటే నాలుగు పేజీల ఫారం తప్పు లేకుండా నింపాలి. రాజ్యాంగంలోంచి ఏది అడిగితే అది చెప్పాలి. అంతా సరిగ్గా చెప్పినా పని అయిపోదు. అప్పటికే ఓటున్నవాళ్లొకరు పక్కన నిలబడి, "ఈ మనిషిని నేనెరుగుదును, నమ్మదగిన మనిషి" అని సంతకం పెట్టాలి. కోర్టు గడియారం చూసుకునే కుర్రాడు కదా అని కొట్టు నడిపే ఒక తెల్లదొర 1954లో ఐవరీకి ఆ సంతకం పెట్టాడు. దాంతో కౌంటీలో ఓటున్న నల్లవాళ్లు తొమ్మిది మంది అయ్యారు. ఓటు రోజున ఐవరీ టై కట్టుకుని బయల్దేరేవాడు. దగ్గరి దారి ఉన్నా చర్చి ముందు నుంచి చుట్టు తిరిగి, నలుగురి కళ్లలో పడేలా వెళ్లేవాడు. ఓటు అంటే తన ఒక్కడికీ వేసిన కుర్చీ అనుకున్నాడు పాపం.

1963 వచ్చేసరికి చర్చిలో వారానికి రెండు సాయంత్రాలు ఫారం నింపడం నేర్పుతున్నారు. అందరికన్నా ముందు వరసలో కూర్చునేది జెరూషా బ్లంట్, మంత్రసాని. నలభై ఏళ్లుగా ఆ కౌంటీలో పుట్టినవాళ్లలో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. ఐవరీ పిల్లలు ముగ్గురూ అంతే. బిడ్డ పుట్టగానే కాగితం మీద పేరూ తేదీ రాసి కింద ఆమె సంతకం పెడితే, ఆ కాగితాన్ని కోర్టు భవనంలో పదిలంగా దాచేవారు. ఆమె చెబితేనే ఫలానావాడు పుట్టినట్టు. ఆమె మాత్రం ఫలానా అని చెప్పడానికి ఇంకొకరు రావాలి! ఆ నిబంధన రాసినవాడికి సిగ్గులేకపోతే సరి.

మొదటిసారి ఆమె ఫారంలో తేదీ తప్పుందన్నారు. రెండోసారి సాక్షి లేడన్నారు. ఒక్కో ఓటరు ఏడాదికి ఇద్దరికే సాక్షి ఉండాలని అక్కడి ఆఫీసు పెట్టుకున్న కట్టుబాటు. పాస్టరు తన రెండూ జనవరిలోనే వాడేశాడు. మిగతావాళ్లవీ అయిపోయాయి. ఎవరికీ పెట్టకుండా మిగిలినవి ఐవరీవే.

శనివారం పొద్దున ఆమె చిలగడదుంపతో కాల్చిన 'పై' అనే తీపి వంటకం ఒకటి గుడ్డలో చుట్టి పట్టుకుని ఐవరీ వసారాలోకి వచ్చింది.

"బ్రదర్ ఐవరీ, నీ రెండూ అలాగే ఉన్నాయటగా."

"ఏ రెండు సిస్టర్?"

"కళ్లు కాదులే, సంతకాలు. ఎల్లుండి నాకొకటి పెట్టు, మా అన్నకొకటి పెట్టు. నీ బరువు దిగిపోతుంది."

"మీకు కాక ఇంకెవరికి పెడతాను సిస్టర్? వస్తాను."

"మాటేనా?"

"మాటే."

"నీ పెద్దాడు కడుపులో అడ్డం తిరిగినప్పుడు రెండు రోజులు మీ ఇంట్లో కూర్చున్నాను. అప్పుడు నేను మాటా ఇవ్వలేదు, ఏమీ ఇవ్వలేదు. ఊరికే కూర్చున్నాను," అని నవ్వి వెళ్లిపోయింది.

సోమవారం ఎనిమిదింటికే కోర్టు ముందు వరస కట్టారు. ఐవరీ వెనకవైపు నుంచి వచ్చాడు. మెట్ల దగ్గర ఓటర్ల నమోదు చూసే హాడ్లీ దొర సిగరెట్టు కాలుస్తూ నిలబడి ఉన్నాడు.

"ఏరా ఐవరీ, మీవాళ్లు చాలామందే వచ్చారు."

"అవునండీ."

"నువ్వు ఇలాంటివాటిలో వేలు పెట్టవని మావాళ్లతో చెప్పాను. నీ తండ్రి ఎంత మంచివాడురా! నా మాట పోనివ్వకు."

అంతే. తుపాకీ చూపలేదు. పని ఊడుతుందనలేదు. భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆ కౌంటీలో దెబ్బలు తిన్నవాళ్లున్నారు, ఇళ్లు కాలినవాళ్లున్నారు. అయినా మళ్లీ వచ్చి వరసలో నిలబడ్డారు. ఐవరీని కూలదొయ్యడానికి ఒక మెచ్చుకోలు సరిపోయింది. తరవాత బతికినన్నాళ్లూ అతన్ని తినేసింది ఇదే. కొట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాడు.

పైకెక్కాడు. అలవాటు లేని పని ఒకటి చేశాడు, కింద తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టాడు. కీ ఇచ్చి దిగిపోదాం అనుకున్నాడు. కీ ఇవ్వడం అరగంట పని. తరవాత నూనె వేశాడు. తరవాత ఇత్తడి తుడిచాడు. ఆ ఇత్తడిని అంతగా అతని తండ్రి కూడా ఎప్పుడూ తుడిచి ఉండడు. చెక్క సందుల్లోంచి చూస్తే కింద వరస కనబడుతోంది. జెరూషా నీలం టోపీ, పక్కన నల్ల సూటులో ఆమె అన్న సిమియన్. డెబ్బై తొమ్మిదేళ్ల ముసలాయన, తడవకో కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. పదింటికి దిగుదామనుకున్నాడు ఐవరీ. పదకొండుకి అనుకున్నాడు. పన్నెండింటికి ఆకలేసి డబ్బా తెరిస్తే డార్థులా పెట్టిన మొక్కజొన్న రొట్టె కింద జెరూషా తెచ్చిన తీపి 'పై' ముక్క ఉంది. తిన్నాడు. అదీ తిన్నాడు.

మూడు దాటాక కింద తలుపు మీద చప్పుడైంది.

"ఐవరీ! మా వంతు వచ్చింది నాయనా! చెల్లి ఆఫీసులో బల్ల దగ్గరే ఉంది, నువ్వొస్తే చాలు!" సిమియన్ గొంతు.

ఐవరీ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ముసలాయన మూడుసార్లు కొట్టాడు. మూడోసారి చాలా మెల్లగా కొట్టాడు, లోపల ఎవరో పడుకుని ఉన్నట్టు. తరవాత అడుగులు దూరమైపోయాయి. నెత్తి మీద గడియారం నాలుగు గంటలు కొట్టింది. ఆఫీసు మూసేశారు.

పావుగంట ఆగి దిగాడు. అందరూ వెళ్లిపోయి ఉంటారనుకున్నాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"గడియారానికి జబ్బు చేసిందా బ్రదర్ ఐవరీ?"

"అవును సిస్టర్. పళ్లచక్రం పట్టేసింది. పొద్దుట్నుంచీ దాంతోనే కుస్తీ. కదిలితే ఒట్టు."

జెరూషా తల పైకెత్తి చూసింది. "ఎనిమిదింటి నుంచీ దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఒక్క నిమిషం ఆగలేదే. గంటలు కూడా లెక్కపెట్టాను."

ఊరంతా తన గడియారాన్నే చూస్తుందని జీవితమంతా మురిసిన ఐవరీకి, అబద్ధమాడేటప్పుడు ఆ సంగతే గుర్తు రాలేదు.

"పోనీలేమ్మా," అన్నాడు సిమియన్ లేస్తూ. "ఈ సూటు రెండు పనులకి పనికొస్తుందని కుట్టించుకున్నాను. ఒకటి ఓటు. రెండోదానికి తొందరేముంది?"

ఆ తరవాతి సోమవారాల్లో ఐవరీ తెల్లారక ముందే కీ ఇచ్చి ఇంటికి వచ్చేసేవాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో సిమియన్ పోయాడు. ఆ సూటులోనే పడుకోబెట్టారు. శవపేటిక దగ్గరికి అందరూ ఒక్కొక్కరే వెళ్లి చూసి వచ్చారు. ఐవరీ గుమ్మం దాటలేదు. చర్చి మొత్తానికి తన సంగతి తెలుసని, తనను చూసి గొంతు తగ్గిస్తున్నారని అతని నమ్మకం. వీధిలో జెరూషా కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేవాడు. చివరికి డార్థులాయే నిలదీసింది.

"ఆవిడేం పాపం చేసింది, ముఖం చాటేస్తావు?"

"ఊళ్లో ఏమనుకుంటున్నారు నా గురించి?"

"ఏమనుకుంటారు? ఆ రోజు గడియారం చెడిపోయి నువ్వు దిగలేకపోయావట కదా. పాస్టరు అడిగితే సిస్టర్ జెరూషాయే చెప్పింది."

ఐవరీ లేచి పెరట్లోకి వెళ్లి, కట్టెల మోపు మీద కూర్చుని ఏడ్చాడు. తన అబద్ధాన్ని తను మొయ్యడమే కష్టంగా ఉంది. ఆమె కూడా మోస్తోంది.

1965 ఆగస్టులో ఓటు హక్కుల కొత్త చట్టం వచ్చింది. వాషింగ్టన్ నుంచి మనుషులు దిగి పోస్టాఫీసులో బల్ల వేసుకుని పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. ఐవరీ టై కట్టుకుని జెరూషా ఇంటికి పరిగెత్తాడు.

"పదండి సిస్టర్, నేను వస్తాను."

"ఇప్పుడు సాక్షి అక్కర్లేదట. నేను నేనేనని నేను చెబితే చాలట."

"ఊరికే తోడు."

"నడవడం నాకు వచ్చు," అని ఆమె టోపీ పెట్టుకుని బయల్దేరింది. ఐవరీ ఇరవై అడుగులు వెనకగా పోస్టాఫీసు దాకా నడిచి, బయటే నిలబడి వచ్చేశాడు.

1970 నాటికి జెరూషాకి చూపు పూర్తిగా పోయింది. ఆ నవంబరులో మొదటిసారి ఒక నల్లవాడు కౌంటీ పోలీసుల పెద్ద అయిన షెరీఫ్ పదవికి నిలబడ్డాడు. చూపు లేనివాళ్లు తమకు నచ్చిన మనిషిని సాయం తెచ్చుకోవచ్చు. ఆమెకి మేనకోడళ్లున్నారు, పాస్టరున్నాడు. ఆమె ఐవరీకి కబురు పెట్టింది. కబురు విన్న ఐవరీ చేతిలో వాచీ పక్కన పెట్టి లేచాడు. క్షమించింది అనుకున్నాడు. గడ్డం గీసుకుని టై కట్టుకున్నాడు. అద్దంలో చూసుకుని టై విప్పేశాడు.

ఓటు కోర్టు భవనంలోనే. చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాడు. బల్ల దగ్గర కూర్చున్న పిల్ల కొత్తది.

"ఈయన ఎవరమ్మా?"

"ఐవరీ ప్రూట్. ఈ మనిషిని నేనెరుగుదును," అంది జెరూషా.

సాక్షి చెప్పే వాక్యంలో దాని తరవాత ఇంకొక మాట ఉంది. నమోదుకి వెళ్లిన ప్రతి నల్లమనిషికీ ఆ మాట నోటికి వచ్చు. ఐవరీ దానికోసం ఎదురుచూశాడు. ఆమె చేతికర్ర సర్దుకుంది, అంతే.

సహాయకుల పుస్తకం ఇటు తిప్పింది ఆ పిల్ల. ఓటరు పేరు జెరూషా బ్లంట్ అని రాసి ఉంది. దాని పక్క గడిలో ఐవరీ సంతకం పెట్టాడు.

తెర వెనక్కి వెళ్లాక ఇంక ఆగలేకపోయాడు. "సిస్టర్, ఆ రోజు చక్రం పట్టెయ్యలేదు."

"ఇది ఓటు వేసే చోటు, చర్చి కాదు. కాగితంలో షెరీఫ్ వరస ఎక్కడుందో చూడు."

పేర్లన్నీ చదివాడు. ఆమె చెప్పిన చోట గుర్తు పెట్టాడు. ఆమె కాగితాన్ని వేళ్లతో తడిమి, తనే మడిచి, తనే పెట్టెలో వేసింది.

బయటికి వచ్చారు. ముందు మెట్ల దగ్గర ఆమె ఆగింది. ఏడేళ్ల కిందట తనూ అన్నా కూర్చున్న చోటే.

"ఇప్పుడు పుస్తకంలో పెట్టావే, అది నీ పూర్తి పేరేనా?"

"పూర్తి పేరే సిస్టర్."

"నా పేరు పక్కన నీ సంతకం ఎలా ఉంటుందో చూడాలని ఆ రోజు ఎంత ఆశగా నిలబడ్డానో. కళ్లు పోయాక పెట్టావు ఐవరీ."

ఐవరీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా ఎన్ని మెట్లున్నాయో చెప్పాడు.