లక్ష్మి అనే మనిషి పుట్టనే లేదు

"వాని పేరు ఎందుకు దాచినావు మేడం?"

"అది పద్ధతి మునెమ్మా. రీసర్చిలో ఎవరి పేరూ రాయకూడదు."

వసంత మేడంకూ నాకూ జరిగిన కడపటి మాటలు ఇవే. ఈ పొద్దు తెల్లారి జూజువాడిలో బస్సు కోసం నిలబడి ఉంటే, గొర్లను నింపుకొన్న లారీ ఒకటి చెక్‌పోస్టు కాడ ఆగింది. తడిసిన బొచ్చు వాసన ముక్కుకు కొట్టింది. ఆ వాసన తగిలితే ముందు నా మొగుడు గుర్తుకొస్తాడు, ఆయన ఎనకాల్నే మేడం వస్తుంది. మేడం వస్తే కోపం వస్తుంది. పోయినోళ్ళ మీద ఏం కోపం అంటారు అందరూ. ఉన్నోళ్ళు ఎవురన్నా నాకు జవాబు చెప్తారా? నాకు సంతకం పెట్టేది తప్ప రాసేకి రాదు. అందుకే మా అన్న కూతురు శోభను కూర్చోబెట్టి చెప్తావున్నాను, ఆ బిడ్డ రాస్తావుంది.

హోసూరు నించి రాయకోటకు పోయే దోవలో ఒక చిన్న ఆర్ట్స్ కాలేజీ ఉంది. నా మొగుడు గోపాలప్ప పోయినాక నేను ఆడ ఆయాగా చేరినాను. చిమ్మేది, టీ ఇచ్చేది, బెంచీలు తుడిచేది నా పని. వసంత మేడం ఆడ చరిత్ర చెప్పేది. కృష్ణగిరి మనిషి, ఇంట్లో తెలుగే. సెలవు దొరికితే చాలు, సంచి తగిలించుకొని గొర్లు మేపేవాళ్ళ ఊర్లన్నీ తిరిగేది. మొగుడు పోయినాక ఆడది మందను ఎట్ల నిలబెట్టుకుంటాది, ఎట్ల పోగొట్టుకుంటాది, అదీ ఆమె రీసర్చి. తక్కిన సార్లు టీ తాగతా ఎగతాళి చేసేవాళ్ళు. నాలుగు రూముల కాలేజీకి రీసర్చి ఒకటా, అదంతా బెంగుళూరోళ్ళూ మద్రాసోళ్ళూ చేసుకుంటారులే అనేవాళ్ళు. ఒకనాడు నేను గ్లాసులు తీస్తావుంటే మేడం నెమ్మదిగా అనింది: "అడిగేకి పెద్ద బిల్డింగు కావాలా సార్?" ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. ఆ పొద్దు నించి ఆమె గ్లాసులో రొంత టీ ఎక్కువే పోసేదాన్ని.

ఒక మద్దేన్నం వరండాలో బకెట్టు బోర్లించుకొని నా పక్కన కూర్చున్నది. మీ మంద యాడికి పోయింది మునెమ్మా అని అడిగింది. అడిగి ఊరికే ఉండిపోయింది. నా మొగుడు పోయినప్పుడు ఊరంతా వచ్చినారు, తిన్నావా అన్నారు, ఏడ్చొద్దు అన్నారు. మంద యాడికి పోయిందని ఒక్కరూ అడగలేదు. నేను వానల గురించి చెప్పినాను, బస్సోన్ని తిట్టినాను. మేడం నోరు తెరవలేదు, లేచి పోనూ లేదు. అట్ల ఒకరు కాచుకొని ఉంటే మన లోపల ఉండేది దానంతట అదే పైకి వస్తాదని నాకు ఆ పొద్దే తెలిసింది. మా మరిది వెంకటప్ప, దినాలు కూడా ముగియకముందే మందను వేప్పనపల్లి వైపు తోలుకొని పోయినాడు. ఆడమనిషి గొర్లు మేపుతాదా అన్నాడు. పెండ్లప్పుడు మా అమ్మ నాకిచ్చిన గొర్రె, అది ఈనిన పిల్లలు కూడా అందులోనే పోయినాయి. అంతా చెప్పినాను. ఊరు చెప్పినాను, వాని పేరు చెప్పినాను. ఇదంతా అచ్చు వేయండి మేడం, వాడు టీ అంగడి కాడ కూర్చొనుంటే ఎవురన్నా చదివి వినిపించాల అన్నాను. మేడం తల ఊపింది. ఆ తల ఊపిన దానికే నా కోపం.

పుస్తకం వచ్చింది. కాలేజీలో ఫంక్షన్ చేసినారు. కుర్చీలు వేసింది నేనే. బెంగుళూరు నించి ఒక పెద్దమనిషి వచ్చి, లక్ష్మి మాదిరి గొంతు లేని ఆడవాళ్ళకు ఈ పుస్తకం గొంతు ఇచ్చింది అని మాట్లాడినాడు. ఎవురో పాపం లక్ష్మి, అనుకుంటా నేను కాఫీ ప్లేటు పట్టుకొని ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. అంతా అయినాక మేడం నన్ను రూములోకి పిలిచింది. ముఖమంతా వెలుగు. పేజీ తెరిచి, ఇంగ్లీషులో ఉండేది తెలుగులో చెప్తా పోయింది. మంద తోలుకొని పోయింది, మా అమ్మ ఇచ్చిన గొర్రె, దొడ్డి ఖాళీగా ఉంటే నిద్ర పట్టనిది, అన్నీ నా మాటలే. కానీ చెప్పింది లక్ష్మి.

"లక్ష్మి ఎవురు మేడం?"

"నువ్వే మునెమ్మా. నీకు ఇబ్బంది రాకూడదని పేరు మార్చినాను."

పట్టుచీర పెట్టినట్ల చెప్పింది ఆ మాట. నా ఊరికి పేరు లేదు, 'ఒక గ్రామం'. వెంకటప్పకు పేరు లేదు, 'ఒక మరిది'. దాయమని నేను అడిగినానా? నన్ను కాపాడేకి వాన్ని కూడా కాపాడాల్నా? ఆ పొద్దు వరకూ ఆమెను మీరు అనేదాన్ని. ఆ పొద్దు నువ్వు అన్నాను. ఆమె పద్ధతి అనింది. నేను గ్లాసులు ఎత్తుకొని బయటికి వచ్చేసినాను.

మర్నాటి నించి సెలవులు. సెలవుల్లోనే మేడంను కృష్ణగిరి ఆస్పత్రిలో చేర్చినారు, మళ్ళీ రాలేదు. కాలేజీ వరండాలో ఫోటో పెట్టి దండ వేసినారు. దాని అద్దం తుడిచేది నేనే. కింద పెద్ద అక్షరాలతో ఆమె పేరు ఉంది. ఆమె పేరు మాత్రం ఎవురూ మార్చలేదు.

పోయిన నెల వేప్పనపల్లిలో ఒక పెండ్లికి పోయినాను. పంక్తిలో వెంకటప్ప కూర్చొని తింటావున్నాడు. ముందైతే దుమ్మెత్తిపోసేదాన్ని, దీనికి పిచ్చి పట్టింది లోపలికి తీసుకొని పోండి అనేవాళ్ళు. ఈ తూరి పోయి వాని ముందర నిలబడి, మంద యాడికి పోయింది వెంకటప్పా అన్నాను. అని నోరు మూసుకున్నాను. ఏమొదినా తిన్నావా అని నవ్వినాడు. నేను పలకలేదు. అటూ ఇటూ చూసినాడు. పక్కనోళ్ళ చేతులు ఆకుల మీదే ఆగిపోయినాయి.

"అమ్మేసినాను," అన్నాడు.

"ఎవురి గొర్లు?"

మళ్ళీ కాచుకున్నాను. "నీవే వదినా," అన్నాడు, నా ముఖం చూడకుండా, ఆకును చూస్తా.

గొర్లు తిరిగి రాలేదు, రావు. కానీ పంక్తి అంతా వినింది. అట్ల అడిగేది, అడిగి కాచుకొని ఉండేది నేర్పించింది మేడమే. ఎదుటి మనిషి నోరు తెరిపించేకి అంత బాగా తెలిసిన మనిషి, తెరిచిన నోటికి వేరే పేరు ఎట్ల పెట్టింది? ఇది నాకు ఇప్పటికీ అరగదు.

ఇదో, ఈ శోభ కూడా ఇప్పుడు పెన్ను ఆపింది. అత్తా, వెంకటప్ప మామ పేరు వద్దులే, ఒక మరిది అని రాస్తా, రేపు గొడవైతాది అంటుంది. చదువుకున్నోళ్ళందరికీ ఇదే రోగమా? గొడవ నాది, నేను పడతాను. రాయమ్మా. నా పేరు మునెమ్మ. ఊరు ఉద్దనపల్లి. నా మొగుడు గోపాలప్ప. మందను తోలుకొని పోయినోడు ఆయన తమ్ముడు వెంకటప్ప. నన్ను అడిగిన మనిషి వసంత మేడం, ఆమె మంచిది, నాకు చేసింది తప్పు, రెండూ రాయి. రాసినావా? ఏదీ, మొదట్నించి చదువు. గట్టిగా చదువు, ఒక్క పేరు మింగినా నాకు తెలిసిపోతాది.