బ్రేకమ్మ కారులో పసుపు దీపం

డ్రైవింగ్ నేర్పే ఆవిడను శిష్యులు చాటుమాటుగా బ్రేకమ్మ అంటారు. ఆ కారులో పక్క సీటు ముందు రెండో బ్రేకు ఒకటుంది. పదకొండేళ్లుగా ఆమె కుడికాలు దాని మీదే కాపురం ఉంటోంది. తనకో పేరు పెట్టారని ఆమెకు తెలుసు. తెలియనట్టే ఉంటుంది. కాస్త భయం ఉంటేనే స్టీరింగు నిలకడగా ఉంటుందని ఆమె సిద్ధాంతం.

మంగళవారం సాయంత్రం చివరి శిష్యుడు కారు గేటు ముందు ఆపి వెళ్లిపోయాడు. కారులోంచి తాళంచెవి తీయబోతూ ఆమె ఆగింది. స్టీరింగు వెనక ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలుగుతోంది. రేపు పొద్దున్నే తొమ్మిదింటికి కారుకు ఏటేటా జరిగే తనిఖీ. అనుమతి శుక్రవారంతో సరి. దీపం వెలుగుతుంటే తనిఖీలో గట్టెక్కదు. గట్టెక్కకపోతే శనివారం నుంచి పాఠాలు లేవు. వచ్చే వారం పరీక్షకు వెళ్లాల్సినవాళ్లు నలుగురున్నారు.

తమ్ముణ్ణి పిలిచింది. అతనిది గడియారాలు బాగుచేసే దుకాణం. ఆగిన గడియారమైనా, మొరాయించిన రిమోటైనా, గొంతు పోయిన ఆటబొమ్మైనా బ్యాటరీ తీసి పెడితే దారికొస్తుందని అతని నమ్మకం. తన పనిలో పదింట తొమ్మిదిసార్లు అది నిజం కూడా.

"దీనికి మెకానిక్కు దాకా ఎందుకక్కా? నేను లేనూ?" అంటూ బానెట్ ఎత్తాడు. స్పానరుతో బ్యాటరీ తీగ ఒకటి విప్పి, గుడ్డ చుట్టి పక్కన పెట్టాడు. చేతి గడియారం చూస్తూ సరిగ్గా పదిహేను నిమిషాలు నిలబడ్డాడు. మళ్లీ బిగించి ఇంజిన్ తిప్పితే దీపం లేదు.

"చూశావా? కాసేపు ఊపిరి ఆపి వదిలితే దేనికైనా బుద్ధొస్తుంది," అన్నాడు. కారులోని గడియారం పన్నెండుకు పోయింది. దాన్ని సెకనుతో సహా సరిచేసేదాకా ఇంటికి కదల్లేదు.

బుధవారం తనిఖీ అధికారి స్టీరింగు కింద తన యంత్రం తీగ గుచ్చి తెర చూశాడు.

"నిన్న బ్యాటరీ తీశారామ్మా?"

ఎవరైనా అధికారి అడిగితే నీళ్లు నమలొద్దన్నది ఆమె శిష్యులకు రోజూ చెప్పే మాటే. "తీశాం," అంది.

"దీపం ఆరింది, కారు జ్ఞాపకమూ పోయింది. తన ఒంట్లో ఏది ఎలా ఉందో కారు తనే పరీక్షించుకుంటుంది. ఆ పరీక్షలన్నీ ఇప్పుడు మళ్లీ మొదటినుంచి జరగాలి. అవి అయితేగానీ నేను సంతకం పెట్టను."

"ఎలా అవుతాయి?"

"నడిపితే. ఊళ్లో కొంత, పెద్దరోడ్డు మీద ఒకే వేగంతో కొంత. ముప్పై మీద మూలుగుతూ పోతే కాదు. శుక్రవారం రండి. ఒక పరీక్ష మిగిలితే వదిలేస్తాం, రెండైతే కుదరదు. ఇంతకీ దీపం ఎందుకు వెలిగిందో చూశారా?"

చూడలేదు. ఆర్పే కంగారులో అక్కాతమ్ముళ్లిద్దరికీ ఆ ప్రశ్నే తట్టలేదు.

శిష్యులంతా ముప్పై మీద మూలిగేవాళ్లే. రెండు రోజులు పాఠాలు మానేసి తనే నడపాలి. తమ్ముణ్ణి కూడా ఎక్కించుకుంది. "నువ్వు చేసిన వైద్యమేగా, నువ్వూ రా."

ముందు పెట్రోలు బంకుకు వెళ్లారు. పంపు దగ్గరి మనిషి టాంకు మూత తీయగానే నల్లటి రబ్బరు తునకలు రాలాయి. తమ్ముడు ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆరు నెలల కిందట మూత వదులైతే తనే పాత గోడగడియారపు అద్దం చుట్టూ ఉండే రబ్బరు కోసి అతికించాడు.

"పదేళ్లు మన్నే సరుకక్కా ఇది," అన్నాడు.

"గోడగడియారం పెట్రోలు తాగదు కదరా."

పంపు మనిషి నవ్వాడు. "మూత బిగువుగా లేకపోతే ఆవిరి పోతుంది. ఆ దీపం అందుకే వెలుగుద్ది. కొత్త మూత వేయించుకోండి." పక్కవీధి స్పేరుపార్టుల కొట్లో దొరికింది. మూడుసార్లు టక్కుమని బిగిసింది.

పెద్దరోడ్డెక్కాక ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. కారు గేటులోంచి బయటికి తీయడం, లోపల పెట్టడం తప్ప ఈ పదకొండేళ్లలో తను స్టీరింగు పట్టిందే తక్కువ. వేగం డెబ్భైకి తెచ్చి నిలిపింది. ఎదురుగా లారీ కనపడింది. కారు ఒక్కసారి గునిసి నలభైకి పడిపోయింది.

"బ్రేకు మీంచి కాలు తియ్యరా!"

"నేను తొక్కలేదక్కా. అదే వెళ్లింది."

మళ్లీ డెబ్భై, మళ్లీ లారీ, మళ్లీ కాలు. ఒకే వేగం అన్నది రెండు మైళ్లు కూడా సాగలేదు. నాలుగోసారికి ఆమె కారు పక్కకు ఆపి, "రెండు కాళ్లూ పైన పెట్టు," అంది. అతను సీటు బాగా వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకునే బాసింపట్టు వేసి కూర్చున్నాడు. ఆ పూటా, గురువారం రోజంతా అలాగే తిరిగారు. లారీ వచ్చినప్పుడల్లా అతను మోకాళ్లు గట్టిగా పట్టుకునేవాడు.

శుక్రవారం అధికారి తెర వంక చాలాసేపు చూశాడు. ఆమె కుడికాలు నేలను అదిమిపట్టి ఉంది.

"ఒకటి మిగిలింది," అని సంతకం పెట్టాడు.

పది గంటలకు పాఠం. నేర్చుకునేది ఒక నర్సు, వచ్చే వారం పరీక్షకు వెళ్లే నలుగురిలో ఒకరు. బ్రేకమ్మ పక్క సీటులో కూర్చుంటే కాలు బ్రేకుకు అందలేదు. సీటు ముందుకు జరుపుకుంది. నర్సు తాళం తిప్పబోయింది.

"తాళం తరవాత. ముందు దిగి పెట్రోలు మూత బిగించండి. మూడుసార్లు టక్కుమనాలి, ఇక్కడికి వినపడాలి."