సగంలో వచ్చిన ఆమెన్

బీఎస్సీ బయాలజీ చివరి ఏడు. ఆ పొద్దున తెనాలి కాలేజీలో నాకు వైవా. రేపల్లెలో రైలెక్కింది మొదలు కళ్ళు మూసుకుని, గుండెలో రక్తం నడిచే దారి గొణుక్కుంటున్నాను. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఊపిరితిత్తుల దగ్గరికొచ్చేసరికి మర్చిపోతున్నాను.

ఓసారి అలా ఆగిపోగానే "ఆమెన్" అని వినబడింది.

కళ్ళు తెరిస్తే, ఎదురు సీట్లో ఒకావిడ నెత్తిన కొంగు కప్పుకుని, చేతులు జోడించి ఉంది. నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకుని తనూ కలిసిందట.

"ప్రార్థన కాదండీ, పరీక్షకి చదువుకుంటున్నా. గుండె పాఠం," అన్నాను సిగ్గుగా.

ఆవిడ కొంగు తీయలేదు. "మా ఆయనకి ఇవాళ గుంటూరులో గుండె ఆపరేషనమ్మా. ఊపిరితిత్తులకి పోయిన రక్తం మళ్ళీ గుండెకొస్తుందా?"

"వస్తుందండీ."

"అయితే అది కూడా చెప్పమ్మా," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మొదటినుంచీ చెప్పాను, ఆవిడకి వినబడేలా, నెమ్మదిగా. ఊపిరితిత్తులు దాటాను. ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, అక్కణ్ణుంచి ఒళ్ళంతా.

వైవాలో ఏమడిగారో ఇప్పుడు గుర్తులేదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనని ఆ 'ఆమెన్' మాత్రం, పాఠం ముగియగానే ఆవిడకంటే ముందు నేనే అన్నాను.