బకెట్లో రుమాలు

విశాఖ నుంచి సికింద్రాబాద్‌ వెళ్లిందే నా మొదటి డీఎస్ఎల్ఆర్ కెమెరా కోసం. సముద్రం లోపల ఫొటోలు తీయాలని నా పిచ్చి. సాయంత్రానికి ఐదు దుకాణాలు తిరిగాను. ఒక్కొక్కళ్లూ ఒక్కో మోడల్ పేరు చెప్పారు. కాళ్లు పీకేస్తున్నాయి. ఏదో ఒకటి కొనేసి పోదామన్నంత విసుగొచ్చింది.

పద్మారావు నగర్‌లో ఆఖరి దుకాణం ఒక పెద్దాయనది. పాత కెమెరాలు బాగుచేసి అమ్ముతాడు.

"ముందుగాల కెమెరా గాదు బిడ్డా, దాన్ని పెట్టే డబ్బా సూడాలె. నీళ్లు పోకుండ ఆపేది అదే. ఒక్కో డబ్బాల ఒక్క మోడలే పడ్తది," అన్నాడు.

తన దగ్గరున్న ఒకే ఒక్క డబ్బాలో, కెమెరా బదులు తన రుమాలు మడిచి పెట్టాడు. మూసి బకెట్ నీళ్లలో ముంచి, తేలకుండా పైన ఇటుక పెట్టాడు.

"జెర కూసో."

"సముద్రం లేని ఊళ్లో ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"లీకైతదో లేదో తెల్వనీకి సముద్రమెందుకు? బకెట్ సాలదా?"

స్టూలు మీదే కునుకు పట్టేసింది. లేచేసరికి గంటైంది, డబ్బా ఇంకా నీళ్లలోనే ఉంది.

"నువ్వే తెరువు. నేను తెరిస్తే నీకేం నమ్మకం?"

తెరిచాను. రుమాలు ఒక మూల తడిసింది.

"ఇది నీకియ్య," అన్నాడు. కెమెరా కూడా అమ్మలేదు. రుమాలు మాత్రం పిండి నా చేతిలో పెట్టాడు. "మంచి డబ్బా దొరికినంక దీంతోనే సూస్కో."

ఆయన్ని తిట్టుకుంటూనే రైలెక్కాను.

ఆరు నెలల తర్వాత కొత్త డబ్బాతో మా సముద్రంలో మొదటిసారి మునిగినప్పుడు, అందులో కెమెరా పెట్టలేదు. ఆ రుమాలే పెట్టాను. పైకొచ్చి తెరిస్తే పొడిగా ఉంది. తడి మొహం దాంతోనే తుడుచుకున్నాను.