పరదా కట్టిన ఆటో

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడిపే అంతయ్య, కరోనా నాడు తన సీటు వెనక కట్టిన ప్లాస్టిక్ పరదాను ఇంకా తీయలేదు. అది ఎండకు పచ్చబడింది. రోజూ పొద్దున సబ్బునీళ్లతో కడిగి, నాలుగు మూలలా బిగించాకే స్టాండుకు వస్తాడు. మిగతా ఆటోల్లో డ్రైవరుకు అటొకరు ఇటొకరు ఒరుసుకుని కూర్చుంటారు. అంతయ్య తన పక్కన ఎవరినీ ఎక్కించుకోడు. ట్రిప్పుకు రెండు కిరాయిలు పోతాయి. “కరోనా ఎప్పుడో పాయె గదనే అన్నా. ఇగ ఆ పరదాను అత్తగారింటికి తోలు,” అంటాడు పక్క ఆటో సైదులు. “మల్ల ఒచ్చే రోగం నీకు ఫోన్ చేసి ఒస్తదా?” అంటూ అంతయ్య అద్దం తుడుచుకుంటాడు.

మొన్న ఒక తల్లి, ఒళ్లంతా పొక్కులతో, జ్వరంతో కాలిపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని స్టాండుకు వచ్చింది. “ఆటలమ్మండీ. జ్వరం దిగట్లేదు, ఆసుపత్రికి వెళ్లాలి,” అంది. ఇంట్లో చంటిపాప ఉందని సైదులు తల దించుకున్నాడు. మిగతావాళ్లూ కదల్లేదు. అంతయ్య ఆటోలో అప్పటికే కూర్చున్నవాళ్లు దిగిపోయారు. అంతయ్య పరదా అంచులు ఒకసారి సరిచూసుకుని, “ఎక్కు బిడ్డా,” అన్నాడు. దారిలో ఆమె అడిగింది, “మీకు భయం లేదా బాబాయ్?” “భయమున్నందుకే గద బిడ్డా, గిది కట్టింది.” వాళ్లను దింపి తిరిగొచ్చి, పరదా కడిగి మళ్లీ కడుతుంటే, సైదులు వచ్చి ఒక కొస పట్టుకున్నాడు.