పైడిరాజు బెండు కిరీటాలు

మా పెదనాన్న పైడిరాజు నాటకాల కిరీటాలు చేసేవాడు. ఏలూరులో కాలవ పక్కన రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదే కొట్టు. కొల్లేట్లో పెరిగే జీలుగు బెండును కత్తితో పొరలు పొరలుగా కోసి, పిండి జిగురుతో అతికి, పైన గిల్టు కాగితం వేసి అద్దం ముక్కలు పొదిగేవాడు. ఇంద్రుడి కిరీటమైనా చేతిలోకి తీసుకుంటే పిచ్చుకను పట్టుకున్నట్టుండేది.

ఆయన టేపు ముట్టేవాడు కాదు. వేషగాడి తలచుట్టూ నూలుదారం చుట్టి, కొసలు కలిసిన చోట ముడివేసి, ఆ దారాన్ని గోడమీద మేకుకి తగిలించేవాడు. చదువు రాదు కనుక మేకు కింద బొగ్గుతో బొమ్మ గీసేవాడు. గద ఉంటే కైకలూరు నరసరాజుగారిది, నెమలి పింఛం ఉంటే ముదినేపల్లి కృష్ణుడిది. నాలుగో క్లాసులో బడి మాన్పించి నన్ను గిల్టు కాగితం అంటించడానికి ఆ ఇంటికి పంపేనాటికి గోడ నిండా దారాలే.

"చూశావే అమ్మాయ్, కృష్ణా గోదావరి తలకాయలన్నీ మనింట్లోనే వేళ్ళాడుతున్నాయి" అని నవ్వేవాడు.

పంతొమ్మిదివందల ముప్ఫై నాలుగులో పెద్దబజారులో శ్రీరాములు శెట్టిగారు డ్రామా సామాన్ల షాపు తెరిచారు. తెరలు, పెట్రోమాక్సు లైట్లు, జరీ దుస్తులు, మద్రాసు రేకు కిరీటాలు, అన్నీ ఒక్కచోటే అద్దెకి. నాటక సమాజాలవాళ్ళు ఒక్క బండి తోలుకొచ్చి అన్నీ ఒకేసారి ఎక్కించుకుపోయేవారు. కిరీటం కోసం మళ్ళీ కాలవగట్టుకి ఎవరొస్తారు? రెండేళ్ళు తిరిగేసరికి పెదనాన్న పెళ్ళి బాసికాలు చేసి పొట్టపోసుకునే స్థితికి వచ్చాడు.

అలాంటప్పుడు నరసరాజుగారు వచ్చారు. భూములున్న మనిషి, దుర్యోధన వేషానికి పేరు. నుదుటిమీద పచ్చి గాటు.

"ఆ శెట్టి రేకు నా నుదురు కోసేసిందిరా పైడిరాజూ. వైశాఖంలో తాడేపల్లిగూడెంలో నాటకాల పోటీ. మా సమాజానికి పదకొండు కిరీటాలు చెయ్యి. పన్నెండు సమాజాలొస్తున్నాయి, అందరూ నీ పని చూస్తారు. నచ్చితే వాళ్ళంతా మళ్ళీ నీ వాళ్ళే."

"నచ్చకపోతేనో బాబయ్యా?"

"కొల్లేట్లో వల వేసుకో. మీ వాళ్ళు చేసేది అదేగా."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. పెదనాన్న కూడా నవ్వాడు.

బెండు కోసం పెదనాన్న కొల్లేటి లంకలో ఉన్న తమ్ముడు, మా చిన్నాన్న భీమయ్య దగ్గరికి వెళ్ళాడు. నన్నూ తీసుకెళ్ళాడు. ఏటా కార్తీకంలో బెండు కోసి, నీడన ఆరబెట్టి, అటకమీద కట్టలుగా పెట్టేది భీమయ్యే. ఆ అటక ఊడ్చినట్టుంది.

"శెట్టిగారి మనిషొచ్చి అంతా కొనుక్కుపోయాడు అన్నయ్యా. చుట్టుపక్కల లంకలన్నిట్లోనూ ఇదే."

"ఆయనకి బెండెందుకురా?"

"గాజు సామాను పెట్టెల్లో సర్దడానికంట."

"నాకోసం ఒక్క కట్టయినా ఉంచలేకపోయావా?"

"రెండేళ్ళలో నువ్వెన్ని కట్టలు కొన్నావు? పిల్లలు ఆకలంటే నీ కిరీటం పెట్టమంటావా నెత్తిన?"

తిరిగొచ్చి, సిగ్గు చంపుకుని శెట్టిగారి షాపుకి వెళ్ళాం. ఆయన లేచి నిలబడ్డారు.

"రండి రండి పైడిరాజుగారూ. కూర్చోండి. ఎండన పడి వచ్చారు, మజ్జిగ పుచ్చుకోండి. బెండాండీ? అయ్యో, అమ్మడానికి కొనలేదండీ. ఉంటే మీకివ్వనా?"

గడపలో నిలబడ్డ నాకు వెనక గది కనబడుతోంది. బెండు కట్టలు దూలం దాకా పేర్చి ఉన్నాయి. గాజు సామాను పెట్టెలు పక్కనే ఉన్నాయి. వాటినిండా వరిగడ్డే ఉంది.

ఇక మిగిలింది సరస్సులో కోయకుండా నిలిచిపోయిన ముదురు బెండు. పెదనాన్న రొమ్ములోతు నీళ్ళలో దిగి రెండు రోజులు కోశాడు. కాళ్ళనుంచి జలగల్ని పెద్దమ్మ గంగారత్నం ఉప్పు చల్లి ఊడదీసింది. నీళ్ళు తాగిన బెండు నీడన నెలన్నా ఆరాలి. పోటీకి పదహారు రోజులే ఉన్నాయి. అందుకని ఊక సెగమీద పెట్టి ఆరబెట్టాడు. పైన ఎండింది. లోపలి సంగతి ఆయనకీ తెలుసు. బిగుస్తుందని దారం కొలతకి రెండు వేళ్ళు వదులు పెట్టి చేశాడు. అంతకంటే వదులైతే దుర్యోధనుడు తొడ కొట్టినప్పుడు కిరీటం ముక్కుమీదికి జారుతుంది.

అంత అందమైన కిరీటాలు ఆయన ఎన్నడూ చేయలేదు. వీధివాళ్ళు వంతులు వేసుకుని చూసిపోయారు.

బయల్దేరే రోజు పొద్దున గంపలో సర్దుతుంటే గిల్టు కాగితం అక్కడక్కడా ముడతలు పడి కనబడింది. గద గుర్తు దారం తీసి పెద్ద కిరీటం లోపల చుట్టూ పెట్టాను. దారం రెండు వేళ్ళు మిగిలిపోయింది.

"పెద్దమ్మా, ఇది చిన్నదైనట్టుంది" అన్నాను.

"నోరు ముయ్యి! మనిషి గుమ్మం దాటేముందు అపశకునం మాటలా?" అంది. పెదనాన్న గడపకి దణ్ణం పెట్టుకుంటున్నాడు. నేను దారాన్ని మేకుకి తగిలించేశాను. రైల్లో రెండుసార్లు చెప్పబోయాను. ఆయన గంపని ఒళ్ళో పెట్టుకుని పాట అందుకున్నాడు.

గూడెంలో ఒక బియ్యం మిల్లు షెడ్డు వేషాలకిచ్చారు. మధ్యాహ్నం పన్నెండు సమాజాలవాళ్ళూ అందులోనే ఉన్నారు. శ్రీరాములు శెట్టిగారు కూడా ఒక ట్రంకుపెట్టె మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు.

నరసరాజుగారు కిరీటం నెత్తిన పెట్టుకున్నారు. అది నడినెత్తిమీదే ఆగిపోయింది.

"ఏవండీ రాజుగారూ, దుర్యోధనుడికి పిలక మొలిచిందే!" అన్నారెవరో. షెడ్డంతా గొల్లుమంది.

ఆయన రెండు చేతులతో కిందికి లాగారు. పెళుక్కుమని వెనక చీలింది. పదకొండు మందీ పెట్టి చూసుకున్నారు. ఒక్కటీ దిగలేదు.

"బెండు పచ్చిది బాబయ్యా, ఆరినకొద్దీ..." అంటున్నాడు పెదనాన్న.

శెట్టిగారు ట్రంకు తెరిచారు. "మీరేమీ కంగారు పడకండి రాజుగారూ. మీ నుదురు కోసుకుందని విన్నాక నాకు నిద్ర పట్టలేదండీ. అన్నిటికీ లోపల బెండు పట్టీ వేయించాను. ఒక్కసారి చూడండి."

నరసరాజుగారు రేకు కిరీటం పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. "పువ్వులా ఉందయ్యా శెట్టీ!"

అప్పుడాయన మా వైపు తిరిగారు. చీలిన కిరీటం తీసి పెదనాన్న తలమీద పెట్టి, చెవులు వంగేదాకా నొక్కారు. "నీకు సరిపోయిందిరా. ఇలాగే స్టేషన్ దాకా నడు. దార్లో తీశావంటే మావాళ్ళు నీ గంపకి నిప్పుపెడతారు."

పట్టపగలు బజారులోంచి పెదనాన్న కిరీటం పెట్టుకుని నడిచాడు. కొట్లవాళ్ళు బయటికొచ్చి దణ్ణాలు పెట్టారు. "మహారాజా, పన్ను తగ్గించండి" అన్నాడు ఒక కిళ్ళీకొట్టతను. ఆయన వెనకాల మిగిలిన పది కిరీటాల గంప పట్టుకుని నేను నడిచాను.

రైలెక్కాక కూడా ఆయన దాన్ని తీయలేదు. ఇంటికొచ్చాక పెద్దమ్మ తీయబోయింది. రాలేదు. చెమటకి జిగురు కరిగి జుట్టుకి పట్టేసింది. కత్తెర తెచ్చి జుట్టుతోపాటు కోసి తీసింది. పోటీలో బహుమతి నరసరాజుగారి సమాజానికే వచ్చిందని మూడోరోజు తెలిసింది.

తర్వాతి వారం శెట్టిగారే మా గుమ్మంలోకి వచ్చారు. చెప్పులు బయట విడిచారు.

"ఆ పట్టీలు మావాళ్ళకి సరిగ్గా కుదరడం లేదండీ. మీ చెయ్యి వేరు. మా షాపులో కూర్చోండి. వచ్చేటప్పుడు గోడమీది ఆ దారాలు కూడా తెచ్చుకోండి."

పెద్దమ్మ ఆయన మొహాన తలుపు వేయబోయింది. పెదనాన్న ఆపాడు. ఒక్కొక్క దారమూ తీసి, చిక్కుపడకుండా అట్టముక్కకి చుట్టి, బొమ్మల్ని అట్టమీదికి ఎక్కించుకున్నాడు. ఖాళీ మేకులకి ఇప్పుడు పెద్దమ్మ ఎండు చేపల దండలు తగిలిస్తోంది.

ఆయన ఇప్పుడు శెట్టిగారి వెనక గదిలో, ఆ బెండు కట్టల మధ్యే కూర్చుంటాడు. మంచి బెండు, నీడన ఆరినది. రేకు కిరీటాల లోపల పట్టీలు వేస్తాడు. పెట్టుకున్నవాడికి తప్ప అవి ఎవరికీ కనబడవు. కొలతకి మాత్రం ముందు గదిలోకి పిలుస్తారు.

మొన్న అన్నం క్యారేజీ తీసుకెళ్ళినప్పుడు నరసరాజుగారు ముందు గదిలో కుర్చీలో ఉన్నారు. కొత్త కిరీటం కావాలట. పెదనాన్న వెనక నిలబడి ఆయన తలచుట్టూ దారం చుడుతున్నాడు.

"మద్రాసు సరుకంటే మద్రాసు సరుకేనయ్యా శెట్టీ" అంటున్నారు రాజుగారు. "నెత్తిన ఉన్నట్టే తెలియదు. మన ఊళ్ళవాళ్ళకి ఈ పని చేతకాదు." తల కొంచెం తిప్పి చూశారు. "ఎవడూ? పైడిరాజువా? ఇప్పటికైనా కొలవడం నేర్చుకున్నావురా?"

"నేర్చుకుంటున్నాను బాబయ్యా. తల కదపకండి" అన్నాడు పెదనాన్న.

ముడి వేసిన దారం తెచ్చి వెనక గదిలో బల్లమీద, గద బొమ్మ అట్టనుంచి విప్పిన పాత దారం పక్కన పరిచాడు. రెండూ ఒక్కటే పొడవు. కొత్తదాన్ని తెంపి పారేసి, పాతదాన్ని మళ్ళీ అట్టకి చుట్టి, అన్నం తినడానికి చెయ్యి కడుక్కున్నాడు.